ఇంట్లో పాఠాలు చదివి రికార్డు చేయడం: గొంతు స్పష్టంగా ఉండాలి, ఫైలు చిన్నగా ఉండాలి. ఎలా?

పుటపలుకు అడిగారు:

అందరికీ నమస్కారం. చూపు లేని విద్యార్థుల కోసం గ్రూప్-2 సిలబస్‌లోని చరిత్ర, ఎకానమీ పాఠాలు చదివి రికార్డు చేస్తున్నాను. వినేవాళ్లలో చాలామంది దగ్గర ఉన్నవి కీప్యాడ్ ఫోన్లే. మెమరీ కార్డులో వేసుకుని వింటారు. మిగతావాళ్లకు వాట్సాప్‌లో పంపాలి.

నా దగ్గరున్న సామాను: విండోస్ ల్యాప్‌టాప్, ఆడాసిటీ (రికార్డింగ్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్), బట్టలకు క్లిప్పుతో తగిలించుకునే బోయా బీవై-ఎం1 మైకు. గది పది బై పన్నెండు. కింద టైల్స్, పైన సీలింగ్ ఫ్యాను, ఒక పక్క కిటికీ, దాని అవతలే రోడ్డు.

గంట పాఠాన్ని వేవ్ అనే కుదించని ఫార్మాట్‌లో సేవ్ చేస్తే 600 ఎంబీ దాటుతోంది. ఎంపీ3 చేసి బిట్‌రేటు (సెకనుకు ఎన్ని బిట్లు వాడాలన్న లెక్క) 32 కేబీపీఎస్‌కి దించితే సైజు బాగా తగ్గుతోంది గానీ, మాట నీళ్లలోంచి వస్తున్నట్టు బుడబుడలాడుతోంది. 128 పెడితే బాగుంది, కానీ మళ్లీ ఫైలు పెద్దది. వాళ్లు రోజూ గంటల తరబడి వినాలి కాబట్టి చెవికి శ్రమ కలగకూడదు. ఏ బిట్‌రేటు పెట్టాలి? మైకు మార్చాలా? గదికి ఏం చేయాలి? పెద్ద ఖర్చు లేకుండా అయ్యేవి చెప్పండి.

---

గోదారిగట్టు రాశారు:

వేవ్ 600 ఎంబీ దాటిందంటేనే విషయం తెలిసిపోతోంది. ఆడాసిటీ స్టీరియోలో, అంటే ఎడమ, కుడి రెండు ఛానెళ్లలో రికార్డు చేస్తోంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అయితే గంటకు 635 ఎంబీ, మోనో అయితే 317. మీ మైకు మోనో. రెండు ఛానెళ్లలోనూ పడేది ఒకటే గొంతు. ఆడియో సెటప్‌లో రికార్డింగ్ ఛానెల్స్ దగ్గర 1 అని మార్చండి, సగం భారం అక్కడే పోతుంది. ఆ 32 కేబీపీఎస్ ఎంపీ3 కూడా స్టీరియోలోనే వెళ్లి ఉంటే, ఉన్న కాసిని బిట్లనూ రెండు ఛానెళ్లు పంచుకున్నట్టే.

అయితే బుడబుడకు అసలు కారణం మీ గదిలో ఉంది. 32 కేబీపీఎస్ అంటే సెకనుకు 32 వేల బిట్లు. ఎన్‌కోడర్ (ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రాం) వాటితోనే అన్నీ రాసుకోవాలి. మాటలో అచ్చులకు ఒక క్రమం ఉంటుంది, తక్కువ బిట్లలో ఇముడుతుంది. ఫ్యాను హోరుకు, రోడ్డు రొదకు క్రమమంటూ ఉండదు, అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పరుచుకుని ఉంటుంది. దాన్ని రాయడానికి బిట్లు చాలక ఎన్‌కోడర్ అక్కడో ముక్క ఇక్కడో ముక్క వదిలేస్తుంది. ఆ ముక్కలు వచ్చీ పోతూ ఉండటమే మీరు వింటున్న బుడబుడ. హోరు లేని రికార్డింగ్ 48లో పలికినంత శుభ్రంగా, హోరున్నది 96లో కూడా పలకదు. అందుకని ముందు గది, తర్వాతే బిట్‌రేటు.

ఫ్యాను ఆపేయాలి, వేరే దారి లేదు. స్పీడు తగ్గిస్తే సరిపోతుందనుకుంటారు గానీ, కొన్ని రకాల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లున్న ఫ్యాను తక్కువ స్పీడులోనే ఎక్కువ జుమ్మంటుంది. అలాంటి రెగ్యులేటర్ కరెంటును ముక్కలుగా కోసి ఇస్తుంది, ఆ కోతకు మోటారు వైండింగ్ మూలుగుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు చదివి, ఫ్యాను వేసుకుని, మళ్లీ మొదలుపెట్టండి. ఏసీ ఉంటే దాని శబ్దం ఒకే తీరున ఉంటుంది కాబట్టి తర్వాత తీసేయడం కొంచెం తేలిక. సీలింగ్ ఫ్యాను రెక్క తిరిగిన ప్రతిసారీ శబ్దం మారుతుంది కనుక ఆడాసిటీలో హోరు తగ్గించే ఎఫెక్టు నాయిస్ రిడక్షన్‌కి దొరకదు. పక్క గదిలో ఫ్రిజ్ కంప్రెసర్ కూడా వినండి, మనం అలవాటుపడి గమనించం గానీ మైకు వదలదు.

ఇక ప్రతిధ్వని. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. దాని వెనక "టింగ్" అని తోక వినపడితే, అది మీ ప్రతి మాట వెనకా ఉన్నట్టే. టైల్స్ మీద రెండు బొంతలు పరవండి. బట్టలతో నిండిన చెక్క అల్మరా ఉంటే తలుపులు బార్లా తీసి, వీపు దానివైపు పెట్టి కూర్చోండి. ఇనప బీరువా పనికిరాదు, రేకు అదురుతుంది. మీ ఎదురుగా ఒక మందపాటి దుప్పటి, గోడకు ఆనకుండా అరడుగు ఎడంగా, తాడు మీద వేలాడదీయండి. గోడకు అతుక్కున్న దానికంటే ఎడంగా ఉన్నది కింది ఫ్రీక్వెన్సీలను ఎక్కువ తాగుతుంది. ముందు టేబుల్ ఉంటే దాని మీద మడతపెట్టిన టర్కీ టవల్ వేయండి. నున్నటి బల్ల మీంచి ఎగిరొచ్చే గొంతు అసలు గొంతుతో కలిసి డబ్బాలోంచి మాట్లాడినట్టు చేస్తుంది. కోడిగుడ్ల అట్టలు, అంగుళం మందం ఫోమ్ ముక్కలు కొనకండి. అవి పై ఫ్రీక్వెన్సీలను మాత్రమే పీల్చుకుంటాయి, గొంతు ఇంకా బొంగురుగా వినిపిస్తుంది.

మైకు ఇప్పుడే మార్చక్కర్లేదు. అది అన్ని వైపులనుంచీ ఒకేలా వింటుంది కనుక దగ్గరగా పెట్టడమే ఉపాయం. గడ్డం కింద జానెడు లోపల ఉండాలి. దూరం రెట్టింపైతే గొంతు 6 డీబీ (డెసిబెల్, శబ్దం మట్టానికి కొలత) పడిపోతుంది, గదిలో రొద మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రికార్డు చేసేటప్పుడు గాజులు తీసేయండి, గొలుసు లోపలికి వేసుకోండి, పట్టుచీర గానీ సింథటిక్ చున్నీ గానీ వద్దు. వాటి రాపిడి సరిగ్గా స, ష ఉండే ఫ్రీక్వెన్సీల్లోనే పడుతుంది, తర్వాత తీయడానికి కుదరదు. వైరును క్లిప్పు దగ్గర చిన్న చుట్టు చుట్టి బట్టకు టేపు వేస్తే లాగినప్పుడు చప్పుడు రాదు.

---

బిట్టుబిట్టుగా రాశారు:

పైన చెప్పింది అక్షరాలా నిజం. సైజు లెక్క నేను చెప్తాను.

ఒక్కటే సూత్రం: 1 కేబీపీఎస్‌కి గంటకు 0.45 ఎంబీ. అంటే 128కి 57.6 ఎంబీ, 64కి 28.8, 48కి 21.6, 32కి 14.4. బిట్‌రేటు ఖరారైతే స్టీరియో అయినా మోనో అయినా సైజు ఒకటే, తేడా నాణ్యతలోనే పడుతుంది.

మీ పనికి నా సలహా: ఎంపీ3, మోనో, 24 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నది), 48 కేబీపీఎస్, కాన్‌స్టాంట్ బిట్‌రేటు (ఫైలంతా మారకుండా ఉండేది). 4 జీబీ కార్డులో 180 గంటలు పడుతుంది. గది బాగా నిశ్శబ్దంగా కుదిరితే 40కి దించినా తేడా పట్టుకోవడం కష్టం.

24 కిలోహెర్ట్జ్ ఎందుకంటే, శాంపుల్ రేటులో సగం వరకే శబ్దం నిలుస్తుంది. 24 పెడితే 12 కిలోహెర్ట్జ్ దాకా. మాటలో పనికొచ్చేదంతా అందులో వచ్చేస్తుంది. 44.1 ఉంచి బిట్‌రేటు తగ్గిస్తే, వినపడీ వినపడని పై శబ్దాల మీద బిట్లు వృథా అవుతాయి. అలాగని 8 కిలోహెర్ట్జ్‌కి పోకండి. అప్పుడు 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. స బుసలో ముఖ్యమైన భాగం అక్కడే ఉంటుంది. పాత 2జీ ఫోన్ కాల్‌లో "శాతవాహనులు", "సాతవాహనులు" దాదాపు ఒకేలా వినపడేది అందుకే. చరిత్ర పాఠంలో పేర్లు తప్పు వినపడితే పరీక్షలో మార్కులు పోతాయి. పైగా 8, 11.025, 12 కిలోహెర్ట్జ్ ఎంపీ3లు అసలు ప్రమాణంలో లేవు, తర్వాత అతికించినవి. కొన్ని పాత ప్లేయర్లు వాటిని పాడవు.

వేరియబుల్ బిట్‌రేటు (అవసరాన్ని బట్టి మారేది) కాగితం మీద మెరుగే. కానీ చవక ప్లేయర్లు ఆ ఫైళ్ల నిడివి తప్పు చూపిస్తాయి, ముందుకు జరిపితే ఎక్కడికో దూకుతాయి. ఆగినచోటునుంచి మళ్లీ వినాల్సిన విద్యార్థికి అది పెద్ద తలనొప్పి. కాన్‌స్టాంట్ పెట్టండి.

ఆడాసిటీలో ఫైల్ మెనూ, ఎక్స్‌పోర్ట్ ఆడియో. ఫార్మాట్ ఎంపీ3, ఛానెల్స్ మోనో, శాంపుల్ రేటు 24000, బిట్‌రేట్ మోడ్ కాన్‌స్టాంట్, క్వాలిటీ 48. పాత వెర్షన్ అయితే శాంపుల్ రేటు ఈ పెట్టెలో ఉండదు. కిందమూల ప్రాజెక్ట్ రేట్ దగ్గర ఎక్స్‌పోర్ట్‌కి ముందే మార్చాలి.

రికార్డింగ్ మాత్రం ఎప్పుడూ 44.1 లేదా 48లోనే చేయండి. ఎడిటింగ్ అంతా అయ్యాక చివర్లో ఒక్కసారే ఎంపీ3. ఎంపీ3ని తెరిచి, దిద్ది, మళ్లీ ఎంపీ3గా సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది, తక్కువ బిట్‌రేటులో ఆ నష్టం వెంటనే వినపడుతుంది. మూలప్రతిని ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచుకోండి. వేవ్‌లో సగానికి అటూఇటూ సైజు, పోయేది ఏమీ లేదు. ఫ్లాక్ కూడా హోరు తక్కువుంటే ఇంకా చిన్నదవుతుంది, క్రమం లేని హోరు కుదించడానికి లొంగదు కాబట్టి.

---

వాయిస్‌నోటు రాశారు:

వాట్సాప్ వాళ్లకు ఎంపీ3 ఎందుకండీ, ఓపస్ ఫార్మాట్ ఇవ్వండి. 2012లో ప్రమాణంగా వచ్చింది, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు నడిచేది దాని మీదే. మోనో 24 కేబీపీఎస్ ఓపస్, 48 ఎంపీ3కి దీటుగా పలుకుతుంది. గంటకు 11 ఎంబీ కూడా కాదు. ఆడాసిటీ కొత్త వెర్షన్లలో ఎక్స్‌పోర్ట్ ఫార్మాట్ల జాబితాలోనే ఉంది.

కీప్యాడ్ ఫోన్లకు మాత్రం అది ఎక్కదు, ఎంపీ3నే దిక్కు. రెండూ మూలప్రతి నుంచే విడివిడిగా తీయండి, ఎంపీ3ని ఓపస్‌గా మార్చకండి. పంపేటప్పుడు అటాచ్‌మెంట్‌లో డాక్యుమెంట్ ఎంచుకోండి, ఫైలు ఉన్నదున్నట్టు, పేరుతో సహా చేరుతుంది.

ఇంకోటి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మైకుతో చదువుదామనే ఆలోచన వస్తే మానుకోండి. మైకు ఆన్ అవగానే బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి పోతుంది, చాలా సెట్లలో 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది. ఫోన్‌తో వచ్చే మామూలు వైరు ఇయర్‌ఫోన్ మైకు దానికంటే నయం.

---

బిట్టుబిట్టుగా రాశారు:

ఓపస్ గురించి ఒప్పుకుంటాను. ఒక జాగ్రత్త: వినేవాళ్లలో ఐఫోన్ ఉన్నవాళ్లు ఉంటే ఓపస్ ఫైలు వాళ్ల దగ్గర నేరుగా తెరుచుకోకపోవచ్చు. రెండు రకాల ఫైళ్లు, రెండు గ్రూపులు, ఎవరికి ఏది పంపామన్న చిక్కు. ఒక్కరే ఈ పనంతా చేస్తుంటే అందరికీ ఒకే 48 ఎంపీ3 ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. గంటకు పది ఎంబీ ఆదా కోసం అంత శ్రమ అక్కర్లేదు.

---

పుటపలుకు రాశారు:

అందరికీ ధన్యవాదాలు. మోనో, 24 కిలోహెర్ట్జ్, 48 పెట్టాను. బొంతలు, దుప్పటి, ఫ్యాను ఆపడం... బుడబుడ దాదాపు పోయింది.

ఇప్పుడు మూడు సందేహాలు. వాక్యం చివర "వచ్చాడు", "జరిగింది" లాంటి మాటల్లో ఆఖరి అక్షరం మింగేసినట్టు వినపడుతోంది. నాయిస్ గేట్ (మెల్లని శబ్దాన్ని నొక్కేసే ఎఫెక్టు) మైనస్ 35 డీబీ దగ్గర పెట్టాను. రెండోది, నిడివి తగ్గుతుందని ట్రంకేట్ సైలెన్స్ (మౌనాలను కత్తిరించే ఎఫెక్టు) 0.1 సెకనుకు పెడితే "పట్టణం" కాస్తా "పటణం" అయింది. మూడోది, ఛార్జర్ పెట్టి రికార్డు చేస్తే సన్నగా జుమ్మంటోంది.

---

పొల్లు రాశారు:

అక్కా, మూడింటికీ చెప్తాను. మొదటి రెండూ తెలుగుకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులు.

మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. వాక్యం చివర గొంతు దిగుతుంది కాబట్టి ఆ ఆఖరి ఉకారం, ఇకారం బాగా మెల్లగా పడతాయి. గేట్ పని ఒక మట్టం కన్నా తక్కువున్న శబ్దాన్ని నొక్కేయడం. మైనస్ 35 అంటే మీ "డు"లోని ఉకారాన్ని కూడా హోరు కిందే జమకట్టేస్తోంది. ఇంటర్నెట్‌లో దొరికే సెట్టింగులు ఎక్కువగా హల్లుతో ఆగే ఇంగ్లీషు మాటలకు సరిపోయినవి, వాటిని ఉన్నపళంగా వాడకూడదు. గది బాగుపడింది కాబట్టి గేట్ అసలు తీసేయమనే నా సలహా. ఉంచాలంటే థ్రెషోల్డ్, అంటే ఆ మట్టం, మైనస్ 48 దగ్గర, లెవల్ రిడక్షన్ మైనస్ 10 మాత్రమే, హోల్డ్ 200 మిల్లీసెకన్లు, డికే 300. అప్పుడు మాట చివర తెగిపోకుండా మెల్లగా వాలుతుంది.

రెండోది ద్విత్వాక్షరం. "ట్ట" పలికేటప్పుడు నాలుక అంగిలికి ఆని గాలి ఆగుతుంది. ఆ క్షణం వేవ్‌ఫామ్‌లో నిజంగానే ఖాళీ. జూమ్ చేసి చూడండి, గీత చదునుగా కనపడుతుంది. ఆ ఖాళీ నిడివే "ట్ట"కూ "ట"కూ తేడా, అది సెకనులో పదో వంతు దాటుతుంది. మీరు 0.1 పెట్టగానే దాన్ని మౌనం అనుకుని కత్తిరించేసింది. థ్రెషోల్డ్ మైనస్ 45, డ్యూరేషన్ 0.8 సెకను, ట్రంకేట్ టు 0.6 పెట్టండి. అక్షరం జోలికి పోదు, పేజీ తిప్పిన ఖాళీలు మాత్రం పోతాయి. పేరాకీ పేరాకీ మధ్య ఒక సెకను మీ చేత్తో మీరే ఉంచండి. వింటూ బ్రెయిలీలో నోట్సు రాసుకునేవాళ్లకు ఆ సెకను కావాలి.

జుమ్మనేది ఎర్తింగ్ వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్లు 100, 150లో కూడా వినపడుతుంది. బ్యాటరీ మీద రికార్డు చేయండి, అంతే. రేపు యూఎస్‌బీ మైకు కొంటే ఇంకో కూత ఎదురవ్వచ్చు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి "కీ" మని వస్తుంది, అది యూఎస్‌బీ లైనులో మిల్లీసెకనుకోసారి పోయే సంకేతం తాలూకు శబ్దం. పోర్టు మార్చి, పొట్టి కేబుల్ వాడితే చాలాసార్లు పోతుంది.

ఇక వరస ముఖ్యం. రికార్డు మొదలుపెట్టగానే ఐదు సెకన్లు కదలకుండా, ఊపిరి చప్పుడు కూడా లేకుండా ఊరుకోండి. చదివేటప్పుడు పైకి ఎగిరే శిఖరాలు మైనస్ 12 డీబీకీ మైనస్ 6 డీబీకీ మధ్య ఉండాలి. 0 అంటే గరిష్ఠ మట్టం, దాన్ని తాకి నెత్తి తెగిన శబ్దం మళ్లీ రాదు. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మైక్రోఫోన్ బూస్ట్ ప్లస్ 20, 30 ఉంటే హోరు కూడా అంతే పెరుగుతుంది, ప్లస్ 10 మించనివ్వకండి. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి.

తర్వాత ఎఫెక్టులు. ముందు హైపాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను తీసేసేది) 100 హెర్ట్జ్, ఆక్టేవ్‌కు 24 డీబీ (మగ గొంతైతే 80). రోడ్డు మీద లారీ గుడగుడ, మైకుకి బట్ట తగిలిన దబదబ చాలావరకు ఇక్కడే పోతాయి. తర్వాత నాయిస్ రిడక్షన్. ఆ ఐదు సెకన్ల మౌనం సెలెక్ట్ చేసి గెట్ నాయిస్ ప్రొఫైల్, ఆపైన మొత్తం సెలెక్ట్ చేసి 6 నుంచి 9 డీబీ, సెన్సిటివిటీ 6. అంతకంటే పెంచకండి. అక్కడే రెసిడ్యూ అని ఒక ఆప్షన్ ఉంది. అది నొక్కి ప్రివ్యూ వింటే తీసేయబోతున్నది మాత్రమే వినపడుతుంది. అందులో మీ మాటలు గుసగుసగా వినపడుతుంటే మాటనే తినేస్తోందని అర్థం, తగ్గించండి.

ఆ తర్వాతే కంప్రెసర్ (గట్టి మాటకూ మెల్లని మాటకూ తేడా తగ్గించేది): థ్రెషోల్డ్ మైనస్ 20, రేషియో 3. ఇది నాయిస్ రిడక్షన్ కంటే ముందు పెడితే గొంతుతో పాటు హోరునూ లేపుతుంది, మొదటికే మోసం. పిమ్మట లౌడ్‌నెస్ నార్మలైజేషన్ మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే సగటు మట్టానికి కొలత), చివర లిమిటర్ (శిఖరాలను గీత దాటనివ్వనిది) మైనస్ 2. ఎంపీ3 చేసినప్పుడు శిఖరాలు కొంచెం పైకి పొంగుతాయి, ఆ 2 డీబీ చోటు దానికోసం. పాఠాలన్నీ ఒకే మట్టంలో ఉంటే విద్యార్థి ప్రతి ఫైలుకీ వాల్యూమ్ వెతుక్కోనక్కర్లేదు.

తప్పు చదివితే ఆపకండి. ఒక చిటిక వేసి, ఆ వాక్యం మొదటినుంచి మళ్లీ చదవండి. వేవ్‌ఫామ్‌లో ఆ చిటిక సూదిలా నిలబడుతుంది, ఎడిట్ చేసేటప్పుడు వెతికే పని ఉండదు.

---

గోదారిగట్టు రాశారు:

పొల్లు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. భ, ధ, ఫ లాంటి ఒత్తక్షరాలు పలికేటప్పుడు గాలి దెబ్బ తగులుతుంది. అరచేయి నోటి ముందు పెట్టి "భారతదేశం" అనండి, ఎటు కొడుతోందో తెలుస్తుంది. మైకు సరిగ్గా ఆ దారిలో లేకుండా ఒక అంగుళం పక్కకు జరపండి, దాంతోపాటు వచ్చిన స్పాంజి టోపీ తీయకండి. స్టాండు మీద పెట్టే మైకైతే ఎంబ్రాయిడరీ రింగుకు పాత నైలాన్ సాక్సు బిగించి, మైకుకి నాలుగు వేళ్ల ఎడంలో నిలబెడితే సరిపోతుంది.

---

కార్డురీడర్ రాశారు:

ఎవరూ చెప్పలేదు కాబట్టి కీప్యాడ్ ఫోన్ల సంగతి నేను చెప్తాను. చాలా చవక ఫోన్లు, పెన్‌డ్రైవ్ పెట్టుకునే స్పీకర్లు ఫైళ్లను పేరు వరసలో కాదు, కార్డులోకి కాపీ అయిన వరసలో పాడతాయి. పాఠాలు తారుమారై చూపు లేనివాళ్లు తికమకపడతారు. కార్డును ఫ్యాట్32 (ఫార్మాట్ చేసేటప్పుడు ఎంచుకునే ఫైల్ సిస్టమ్)లో ఫార్మాట్ చేసి, సబ్జెక్టుకో ఫోల్డరు పెట్టి, ఒక్కో ఫోల్డరులోకి 01, 02, 03 వరసలో ఒక్కో ఫైలూ పూర్తయ్యాక తర్వాతది కాపీ చేయండి. మధ్యలో ఒకటి మార్చాల్సి వస్తే ఆ ఫోల్డరు మొత్తం తీసేసి మళ్లీ వేయండి, లేకపోతే కొత్తది చివరకు పోతుంది.

ఫైలు పేరు తెలుగులో పెడితే ఈ ఫోన్లలో డబ్బాలు కనపడతాయి, కొన్ని అసలు తెరవవు. పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెల్లోనే ఉంచండి. ఎలాగూ స్క్రీన్ చూడరు కాబట్టి ప్రతి ఫైలు మొదట్లో సబ్జెక్టు, పాఠం పేరు, ఎన్నో భాగమో మీ గొంతుతోనే చెప్పండి. గంట ఫైలు వద్దు, పది పదిహేను నిమిషాలకు ఒకటి చొప్పున తెంచండి. 48లో పదిహేను నిమిషాలకు 5.4 ఎంబీ, ఎవరికి పంపినా ఇబ్బంది ఉండదు.

సైజు విషయంలో ఒక దొంగ ఉన్నాడు, చూసుకోండి. ఫైలుకి కవర్ ఫొటో జతచేసే అలవాటుంటే, 2 ఎంబీ ఫొటో ఒక్కో ఎంపీ3లోనూ విడిగా కూర్చుంటుంది. ఇరవై భాగాలుంటే 40 ఎంబీ ఫొటోలకే పోయినట్టు, దాదాపు రెండు గంటల పాఠం. ట్యాగుల్లో బొమ్మ తీసేయండి.

పంచేముందు ఒక భాగాన్ని కీప్యాడ్ ఫోన్ స్పీకర్లోనే వినండి, హెడ్‌ఫోన్‌లో కాదు. ఆ చిన్న స్పీకరు 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మాట మసకగా ఉంటే ఆడాసిటీ ఈక్వలైజర్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2 లేదా 3 డీబీ లేపండి. అంతకు మించితే స, ష చెవిలో గుచ్చుకుంటాయి. ఈ మార్పు లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌కి ముందు చేయాలి.